చూరు కింద వెలుగు గీత

తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి కరెంటు లేదు. మా అమ్మాయి అద్దెకుంటున్న పెంకుటింట్లో, నేల మీద చాప వేసుకుని వెల్లకిలా పడుకుని ఉన్నాను. గదిలో చీకటి. కానీ నాలుగు గోడల పైన, గోడ ఆగిపోయి వాసాలు మొదలయ్యే చోట, ఇంటి చుట్టూ ఎవరో సుద్దముక్కతో గీసినట్టు ఒక తెల్లటి గీత. బయట వెలుగొస్తోంది. అదే సందులోంచి లోపలికి కూడా వస్తోంది.

లేచి స్టూలెక్కి చెయ్యి పెట్టి చూశాను. కొన్నిచోట్ల రెండు వేళ్లు పట్టాయి. వంటగది వైపు బెత్తెడు ఉంది. పిచ్చుక దూరిపోవచ్చు.

పెంకుటిల్లంటే అంతే కదా, ఇందులో వింతేముంది అంటారు. వింత ఇంట్లో లేదు, నాలో ఉంది. 1989 నుంచి 2020 దాకా నేను చేసిన ఉద్యోగం పేరు మల్టీపర్పస్ హెల్త్ అసిస్టెంటు. ఏజెన్సీలో జనం పిలిచే పేరు మలేరియా బాబు. ముప్పై ఒక్క సంవత్సరాలు ఇలాంటి ఇళ్లలోకే వెళ్లాను. గోడలకి మందు కొట్టించాను, జ్వరాలు వచ్చినవాళ్ల వేలు గుచ్చి స్లైడు మీద నెత్తురు తీశాను, మాత్రలు మింగేదాకా ఎదురుగా నిలబడ్డాను. తలెత్తి ఆ సందు చూడకుండా ఉంటానా, వేలసార్లు చూసుంటాను. అది దోమ నడిచే దారి అని ఒక్కసారి కూడా అనుకోలేదు. మేం చూసేది గోడ. మాకు నేర్పింది గోడ.

ఆ ఇంటికి వెళ్లాల్సి వచ్చిన కారణం మా మనవడు. మూడేళ్లవాడు. అమ్మాయి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒక ఆశ్రమ పాఠశాలలో టీచరు, అల్లుడి ఉద్యోగం విశాఖలో. పోయినేడాది వానాకాలంలో వాడికి చలిజ్వరం వచ్చింది. ఆశా కార్యకర్త మలేరియా పరీక్ష కిట్టు పెట్టి చూస్తే ఫాల్సిపరం (మలేరియాలో ప్రాణం మీదికి తెచ్చే రకం) గీత పడింది. మూడు రోజుల మందు మొదటిరోజే మొదలుపెట్టారు కాబట్టి గట్టెక్కాడు. నేను వెళ్లేసరికి జ్వరం లేదు, ఆడుకుంటున్నాడు కూడా. అలవాటు చొప్పున వాడి కింది కనురెప్ప లాగి చూశాను. సున్నం కొట్టిన గోడలా ఉంది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.6 వచ్చింది.

మా సర్వీసు మొదట్లో కొండమీది ఊళ్లలో పిల్లల పొట్ట ఎడమ డొక్క కింద తడిమితే చేతికి గట్టిగా బల్ల తగిలేది. మాటిమాటికీ జ్వరం వచ్చిన పిల్లలకి ప్లీహం అలా పెరుగుతుంది. పూర్వం ఊళ్లో మలేరియా ఎంతుందో లెక్కకట్టేది కూడా ఎంతమంది పిల్లలకి బల్ల ఉందో చూసే. పెద్దవాళ్లు పదిసార్లు జ్వరపడి కొంత తట్టుకునే శక్తి తెచ్చుకుంటారు. అయిదేళ్ల లోపు పిల్లలకి ఆ శక్తి ఉండదు. ఒక్కో జ్వరమూ వాళ్ల ఎర్రకణాలని కొంత తినేసి పోతుంది. జ్వరం తగ్గాక కూడా ఆ బాకీ తీరడానికి నెలలు పడుతుంది. తెల్లటి కనురెప్ప అంటే ఆ బాకీ కాగితం అన్నమాట.

"దోమతెర కట్టలేదా?" అని మా అమ్మాయిని అడిగాను. నా గొంతులో పాత ఉద్యోగి ఉన్నట్టున్నాడు, దానికి కోపం వచ్చింది.

"కట్టకుండా ఎందుకుంటాను నాన్నా? రోజూ తొమ్మిదింటికి తెరలోనే పడుకోబెడతాను. నువ్వే కదా చిన్నప్పట్నుంచి బుర్ర తిన్నావు."

"మరి ఏడింటి నుంచి తొమ్మిదింటి దాకా?"

అది మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఏడింటి నుంచి తొమ్మిదింటి దాకా పిల్లాడు ఏం చేస్తాడు? అన్నం తింటాడు, చొక్కా విప్పేసి నేల మీద దొర్లుతాడు, అమ్మ పరీక్ష పేపర్లు దిద్దుతుంటే పక్కన ఎర్రపెన్నుతో గోడ మీద రాస్తాడు. ఆ రెండు గంటలు దోమతెరకి పనిలేదు. ఆ రెండు గంటలకి తెర కావాలంటే అది మంచం చుట్టూ కాదు, ఇంటి చుట్టూ ఉండాలి.

మేం గోడకి మందు కొట్టించడం వెనకున్న లెక్క చాలామందికి తెలీదు, చెబుతాను. స్టిరప్ పంపు అని ఉండేది. ఒకడు కాలితో తొక్కిపెట్టి పంపు కొడుతుంటే, ఇంకొకడు గొట్టం పట్టుకుని గోడకి అడుగున్నర దూరంలో పైనుంచి కిందికి, కిందినుంచి పైకి జల్లుతాడు. చదరపు మీటరుకి ఒక గ్రాము డీడీటీ పడాలి. దోమ మనిషిని కుట్టి, నెత్తురు బరువుతో ఎగరలేక పక్కనే గోడ మీద వాలుతుంది. వాలితే చస్తుంది. గమనించారా, కుట్టాక చస్తుంది. దోమ కడుపులో చేరిన మలేరియా క్రిమి ఇంకొకరికి అంటుకునేలా తయారవడానికి పది పన్నెండు రోజులు పడుతుంది. ఆ లోపు దోమని చంపేస్తే పక్కింటి పిల్లాడు బతికిపోతాడు. ఊరంతా కొడితే ఊరికి మంచిది. అది గొప్ప లెక్కే, కాదనను. కానీ ఈ రాత్రి ఈ గదిలో ఉన్న పిల్లాడిని కుట్టనివ్వకుండా ఆపడం అనేది ఆ లెక్కలో లేదు.

పైగా జనం ఒప్పుకోవాలి. మందు కొడితే నల్లులు ఎక్కువవుతున్నాయని ఒకరు, దేవుడి గది అని ఒకరు తలుపేసుకునేవారు. కొట్టించుకున్నవాళ్లు కూడా పండగొస్తే ఎర్రమన్నుతో గోడ అలికేసేవారు. మా గ్రాము లెక్క అంతా మట్టి కింద. వాళ్లని అప్పట్లో చాలా తిట్టుకున్నాను. ఇల్లు అలుక్కోకుండా పండగెలా చేసుకుంటారో మాత్రం ఆలోచించలేదు.

ఈ సందు సంగతి అల్లుడికి ఫోన్లో చెబితే, వాడు రెండ్రోజుల తర్వాత ఒక ఇంగ్లీషు పరిశోధన పత్రం పంపాడు. పశ్చిమాఫ్రికాలో గాంబియా అని ఒక చిన్న దేశం, నది వెంట సన్నగా పొడుగ్గా ఉంటుంది. అక్కడ ఫరాఫెన్ని అనే పట్నం, దాని చుట్టుపక్కల ఊళ్లలో 2006, 2007 సంవత్సరాల్లో దాదాపు 500 ఇళ్లు తీసుకున్నారు. కొన్నిటికి కిటికీలకి, తలుపులకి మెష్ బిగించి, చూరు సందులు మూసేశారు. కొన్నిటికి లోపల మెష్‌తో సీలింగు మాత్రం కొట్టారు. కొన్నిటిని ఉన్నవి ఉన్నట్టే వదిలేశారు. ఏ ఇంటికి ఏది అన్నది చీటీల పద్ధతిలో తేల్చారు, మనకి నచ్చినవాళ్ల ఇంటికి మెష్ కొట్టి "చూడండి, తగ్గింది" అనే లెక్క కాదు.

దోమల్ని పట్టే ఉచ్చు పెడితే, ఏమీ చేయని ఇంట్లో రాత్రికి సగటున 37 మలేరియా దోమలు పడ్డాయి. పూర్తిగా మెష్ కొట్టిన ఇంట్లో 15. సీలింగు మాత్రమే ఉన్న ఇంట్లో 19. తర్వాతి లెక్క దగ్గర నేను ఆగిపోయాను. వాళ్లు కొలిచింది పిల్లల నెత్తురు. ఆరునెలల నుంచి పదేళ్ల లోపు పిల్లల్లో హిమోగ్లోబిన్ 8 కన్నా తక్కువ ఉన్నవాళ్లు, ఏమీ చేయని ఇళ్లలో వందకి 19 మంది. మెష్ కొట్టిన ఇళ్లలో 12 మంది, సీలింగు ఇళ్లలోనూ అంతే. మా వాడి 7.6 నాకు గుర్తుంది కదా. అంటే వాడు ఆ 19లోనో 12లోనో ఒకడు. ముప్పై ఒక్క ఏళ్లు నేను కనురెప్పలు లాగి చూసిన పిల్లలందరూ అంతే.

అక్కడి దోమ వేరు, మన దోమ వేరు. అక్కడిది గాంబియే అనే జాతి. గోడ దాకా ఎగిరి, గోడ పట్టుకుని పైకి పాకినట్టు లేచి, చూరు తగలగానే సందులోంచి లోపలికి మళ్లుతుందట. లోపల పడుకున్నవాళ్ల ఊపిరి, ఒంటివాసన ఆ సందులోంచే బయటికి వస్తుంది కాబట్టి అదే దానికి దారి చూపిస్తుంది. మన కొండల్లో ముఖ్యంగా రెండు. వాగునీళ్లలో, మెట్లపొలాల కాలవల్లో పెరిగే ఫ్లూవియాటిలిస్ ఒకటి, పల్లపు ఊళ్లలో పశువులశాలల్లో ఎక్కువ కనబడే క్యూలిసిఫేసిస్ ఒకటి. ఇవి కూడా ఆ దేశపు దోమలాగే గోడెక్కి దూరతాయో, కిటికీనే ఇష్టపడతాయో నేను చెప్పలేను. కానీ బెత్తెడు సందు అంత చిన్న దోమకి రాజమార్గం అని చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు.

ఇదేమీ కొత్త ఉపాయమూ కాదు. అది తెలిశాక నాకు కొంచెం ఒళ్లు మండింది కూడా. మాకు ట్రైనింగులో రోనాల్డ్ రాస్ కథ తప్పకుండా చెప్పేవారు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడని, బేగంపేట పాత విమానాశ్రయం దగ్గర ఆ భవనం ఇప్పటికీ ఉందని. హుస్సేన్ ఖాన్ అనే రోగి తనని కుట్టనిచ్చిన ఒక్కో దోమకి ఒక్కో అణా తీసుకున్నాడని చెబితే అందరం నవ్వేవాళ్లం. (మేం లక్ష వేళ్లు గుచ్చి ఒక్కరికీ అణా ఇవ్వలేదు.) కానీ ఆ తర్వాత మూడేళ్లకే, 1900లో, ఇటలీలో ఏం జరిగిందో చెప్పలేదు. గ్రాస్సీ అనే శాస్త్రవేత్త కపాచ్చో మైదానంలో 112 మందిని చీకటి పడిన దగ్గర్నుంచి తెల్లారేదాకా దోమ దూరని ఇళ్లలో ఉంచాడు. వాళ్లలో జ్వరపడింది అయిదుగురు. బయట మామూలుగా ఉన్న 415 మందికీ జ్వరం వచ్చింది. అదే ఏడాది రోము దగ్గర ఓస్టియా చిత్తడినేలలో లండన్ నుంచి వచ్చిన ఇద్దరు డాక్టర్లు జ్వరాల కాలమంతా మెష్ కొట్టిన కొయ్య ఇంట్లో, క్వినైన్ మింగకుండా గడిపి ఆరోగ్యంగా బయటికొచ్చారు.

తర్వాత 1939లో డీడీటీ దోమల్ని, పురుగుల్ని చంపుతుందని తేలింది. ఆ సంగతి కనిపెట్టినాయనకి 1948లో నోబెల్ ఇచ్చారు. మన దేశంలో 1953లో జాతీయ మలేరియా కార్యక్రమం మొదలైంది, డీడీటీతోనే. ఆ పొడితో లక్షల ప్రాణాలు నిలబడ్డాయి. కానీ ఆ ఊపులో వడ్రంగిని అందరూ మరిచిపోయారు. మా శాఖ స్టోరులో పంపులుండేవి, బకెట్లుండేవి, నాజిళ్లుండేవి. సుత్తి ఒక్కటీ ఉండేది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇళ్లకి మెష్ కొట్టుకోవచ్చని తన మలేరియా మార్గదర్శకాల్లో రాసింది 2021లో. అది కూడా షరతులతో. నేను రిటైరైన మరుసటేడు.

సరే, మెష్ కొట్టడానికి బయల్దేరాను. ఇల్లు మాది కాదు కాబట్టి ముందు ఇంటావిడని అడగాలి. అరవై దాటిన మనిషి, పక్కవాటాలోనే ఉంటుంది. నేను చూరు వైపు చూపించి చెప్పినదంతా విని, ఒకే ఒక్క మాట అడిగింది.

"పొగ ఎలగ ఎల్తాది బాబూ?"

నా దగ్గర జవాబు లేదు. ఆ సందు మేస్త్రి మరిచిపోయి వదిలింది కాదు. అది ఇంటికి పొగగొట్టం. కట్టెలపొయ్యి ముట్టిస్తే పొగ పైకి లేచి ఆ సందులోంచే పోవాలి. ఎండాకాలంలో పెంకుల కింద చేరిన వేడీ అక్కడినుంచే పోవాలి. సిమెంటు పెట్టి మూసేస్తే దోమ ఆగుతుంది, పిల్లలు పొగకి దగ్గుతారు. అందుకే పడకగదుల వైపు సగం సందుని రాయీ మట్టీ పెట్టి పూడ్చి, మిగతా సగానికీ వంటగది మొత్తానికీ మెష్ కొట్టాలని నిర్ణయించాం. తర్వాత చదివితే తెలిసింది, గాలి ఆడే ఇంట్లోకి దోమలు తక్కువ వస్తాయట. లోపలి ఊపిరి పలచబడిపోతుంది కాబట్టి వాసన వాటికి సరిగ్గా అందదు. ఇంటావిడ ప్రశ్న అడిగింది పొగ కోసమే అయినా, జవాబు దోమకి కూడా పనికొచ్చింది.

మెష్ విషయంలో నేను చేసిన తప్పులు రాస్తాను. ఎవరికైనా పనికొస్తాయి.

నర్సీపట్నంలో నాలుగడుగుల వెడల్పు ఫైబర్ మెష్ చుట్ట ఒకటి కొన్నాను. తేలిక, తుప్పు పట్టదు, కత్తెరతో తెగుతుంది. కిటికీలకి బాగుంది. చూరుకి కొట్టిన చోట మాత్రం పది రోజుల్లో ఎలుక కొరికేసింది. వాసాల మీద ఎలుకలు తిరిగే దారి అది, వాటి దారికి నేను అడ్డం కట్టాను. మళ్లీ కిందికి దిగి ఇనప జాలీ, జింకు పూత ఉన్నది తెచ్చి కొట్టించాం. అది కొంచెం ఖరీదు, వంకర వాసాల మధ్య వంచి కుట్టడం కష్టం. వాసాలు తిన్నగా ఉండవు కదా, ప్రతి వాసం చుట్టూ ఒక చిన్న త్రికోణం ఖాళీ మిగిలిపోతుంది. ఆ త్రికోణాల్లో పాత గుడ్డలు కుక్కి మట్టి మెత్తాం. మొత్తం పనిలో సగం సమయం వాటికే పోయింది.

వంటగది మెష్ రెండు నెలల్లో మసి పట్టి నల్లగా మూసుకుపోయింది. దోమా రాదు, పొగా పోదు. మా అమ్మాయి ఇప్పుడు నెలకోసారి స్టూలెక్కి పాత టూత్‌బ్రష్షుతో, సబ్బునీళ్లతో రుద్దుతుంది. మెష్ అంటే కొట్టేసి మరిచిపోయేది కాదు. పని పెంచుతుంది. ఆ పని ఎవరి నెత్తిన పడుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక తలుపు. దీనికో పెద్ద కథ.

ఊళ్లో వడ్రంగి సిల్వర్ ఓక్ కర్రతో చట్రం చేస్తానన్నాడు. కాఫీతోటల్లో నీడకి పెంచే చెట్లు, ఒకటి పడిపోతే ఆ కర్ర చవగ్గా దొరికింది. మెష్ తలుపు రెండ్రోజుల్లో సిద్ధం చేశాడు. మంచి పనివాడే. బిగించిన రోజు వేలితో తోస్తే వెళ్లి గడపకి అతుక్కునేది. తనంతట తనే మూసుకోవడానికి సైకిల్ ట్యూబు చీల్చి ఒక పట్టీ కట్టాడు. నేను ఫొటో తీసి అల్లుడికి పంపాను కూడా.

ఆ కర్ర పచ్చిదని మా ఇద్దరికీ తెలుసు. మళ్లీ వాన పట్టకముందే పనైపోవాలనే తొందరలో నేనే "పరవాలేదు, కానియ్" అన్నాను. నెలకి తలుపు మెలి తిరిగింది. కింద ఒక మూల గడపకి తగులుతుంటే పై మూల రెండు వేళ్లు తెరుచుకుని ఉండేది. ట్యూబు ఎండకి పుటుక్కున తెగింది. మనవడు రెండు చేతులూ చాచి మెష్ మధ్యలో తోసుకుని బయటికి పరిగెట్టడం అలవాటు చేసుకున్నాడు, ఆ చేతులు ఆనేచోట మెష్ జారి సంచిలా వేలాడింది. ఇంటావిడ పిల్లి ఆ సంచిలోంచి దారి చేసుకుంది. దీపావళికి నేను వెళ్లేసరికి ఆ తలుపు వసారాలో గోడకి జారేసి ఉంది. దాని మీద తడిబట్టలు ఆరేశారు.

అప్పుడే గాంబియాలో జరిగిన రెండో ప్రయోగం గురించి చదివాను. 2016, 2017లో అదే దేశంలో, నదికి ఎగువ ప్రాంతంలో, 800 ఇళ్లు. సగం ఇళ్లకి గడ్డికప్పు తీసేసి రేకులు వేసి, తలుపులకి, కిటికీలకి మెష్ పెట్టి, చూరు మూసేశారు. మిగతా సగం గడ్డికప్పు ఇళ్లే. రెండు వైపులా పిల్లలకి మందు పూసిన దోమతెరలు ఇచ్చారు. చివరికి లెక్క చూస్తే పిల్లలకి మలేరియా రావడంలో తేడా కనబడలేదు.

ఇది చదివి నాకు నీరసం వచ్చిందని ఒప్పుకుంటాను. దీన్ని దాచిపెట్టి మొదటి ప్రయోగం ఒక్కటే రాస్తే ఈ టపా ఇంకా బాగుండేది. కానీ స్లైడులో క్రిమి కనబడకపోతే కనబడలేదనే రాయాలి, మా ఉద్యోగం నేర్పింది అది. నాకు అర్థమైనంతలో చెబుతాను. ఆ ప్రాంతంలో అప్పటికే మలేరియా తక్కువ, తెరలు అందరికీ ఉన్నాయి. వాటి మీద ఇల్లు అదనంగా చేయగలిగేది కొంచెమే. రెండోది నా ఊహ. తలుపు చప్పుడు నాకు వినబడుతోంది. రేకుల కింద వేడికి జనం పొద్దుపోయేదాకా బయటే కూర్చుంటే, లోపలికీ బయటికీ తిరిగే పిల్లల వెనక తలుపు తెరిచే ఉంటే, ఎంత ఖరీదైన మెష్ అయినా గుమ్మం పక్కన అలంకారమే. మా వసారాలో బట్టలారేసిన తలుపుకీ దానికీ తేడా లేదు.

అందుకే ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను చెప్పే వరస మారింది. మొదట చూరు. అది ఒకసారి మూస్తే మనిషి అలవాటుతో పనిలేకుండా రాత్రంతా కాపలా కాస్తుంది. తర్వాత కిటికీలు. తలుపు ఆఖరిది, కానీ డబ్బు దానిమీదే ఎక్కువ పెట్టాలి. మా రెండో తలుపుకి ఎండిన టేకు రీపర్లు పెట్టించాం. కింద సగం ప్లైవుడ్డు ముక్క, పైన సగమే మెష్. పిల్లాడి చేతులు ఎంత ఎత్తులో ఆనతాయో వాడినే నిలబెట్టి పెన్సిలుతో గీశాం, ప్లైవుడ్డు దానికి జానెడు పైదాకా. ట్యూబు బదులు ఇనప స్ప్రింగు. గడప దగ్గర సందుకి రబ్బరు పట్టీ. రెండు తలుపులూ, మెష్‌లూ, ఎలుక తిన్నదానితో సహా మొత్తం పదకొండు వేల చిల్లర అయింది. మా అమ్మాయికి ఫర్వాలేదు, నెలజీతం ఉంది. కూలికెళ్లే ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు. ప్రభుత్వం ఇల్లు కట్టించే రోజునే కిటికీకి ఊచలతోపాటు మెష్ కూడా లెక్కలో వేస్తే సరిపోతుంది. కట్టేశాక అతికించడం కన్నా అది ఎంతో చవక.

నేలకి ఎత్తులో పడుకోవడం గురించి కూడా ఒక సంగతి చదివాను. గాంబియాలోనే ఒక గుడిసెని పైకీ కిందికీ జరిపేలా కట్టి చూస్తే, నేలకి మూడు మీటర్ల ఎత్తులో దూరిన దోమలు నేల మీద ఉన్నప్పటికన్నా 84 శాతం తక్కువట. టాంజానియాలో ఎమ్ట్వారా ప్రాంతంలో అయితే రెండంతస్తుల ఇళ్లే 110 కట్టించారు, పడక పై అంతస్తులో, గోడలకి గాలి ఆడే జాలీ. మా మన్యంలో పంటకి కాపలా మంచె మీద పడుకునే ముసలాయన ఈ సంగతి చెబితే పగలబడి నవ్వాడు. "మరి మంచె మీద నన్ను కుట్టేవి ఏటివి?" అన్నాడు. నాకు జవాబు రాలేదు.

పాత అలవాటు పోదు. తెల్లవారుజామున టార్చి, పీల్చే గొట్టం పట్టుకుని గోడలు వెతకడం మా డ్యూటీలో భాగం. చూరు మూయకముందు మూడు పొద్దులు వెతికితే పడకగదిలో ఏడు అనాఫిలిస్, అంటే మలేరియా మోసే దోమలు, దొరికాయి. తోక పైకెత్తి ఏటవాలుగా వాలి ఉంటాయి కాబట్టి చూడగానే తెలుస్తుంది, జాతి తేల్చాలంటే మైక్రోస్కోపు కావాలి. రెండో తలుపు బిగించాక మూడు పొద్దులు వెతికితే ఒకటి దొరికింది. దేవుడి పటం వెనక. ఒక ఇల్లు, ఆరు పొద్దులు, అదీ వేరువేరు నెలల్లో. చలికాలం వస్తే దోమలు వాటంతటవే తగ్గుతాయి. కాబట్టి దీన్ని సాక్ష్యం అనను. పిల్లాడి కనురెప్ప ఎర్రబడింది. అది ఐరన్ చుక్కల మందు వల్ల కూడా కావచ్చు. దోమతెర ఇప్పటికీ కడుతున్నాం, మెష్ ఉంది కదా అని తెర తీసేయడం నా ఎదుట ఎవరూ చేయలేరు.

ఇంటావిడ మొదట్లో "ఇల్లు పంజరం సేసేసినారు" అని ఊరంతా చెప్పింది. మాఘమాసంలో ఆమె మనవరాలు పసిబిడ్డతో పుట్టింటికి వచ్చింది. ఒకరోజు పొద్దున్నే నేను కాఫీ తాగుతుంటే వచ్చి, మా తలుపు తెరిచి, చెయ్యి వదిలేసి, అది దానంతటదే టప్పున మూసుకోవడం చూసింది. మళ్లీ తెరిచి మళ్లీ వదిలింది. మూడోసారి అయ్యాక, మా గదిలోకి ఇంకెంత జాలీ పడతాది బాబూ అని అడిగింది.

టేపు పెట్టి కొలిచాను. చూరు పొడవు ముప్పై ఆరు అడుగులు, కిటికీలు రెండు, తలుపు ఒకటి. మన్యంవాళ్ల ఇటుకల పండగ అయ్యాక, వానలకి ముందు చేద్దామన్నాను. వడ్రంగికి టేకు రీపర్లు ఇప్పుడే కొనిపించి అటక మీద ఎండబెట్టించాను.

"మరి నువ్వు ఎక్కడ పడుకుంటావమ్మా?" అని అడిగాను.

"నాను వసారాలోనే. లోపల నాకు ఊపిరాడదు."

ఎంత చెప్పినా వినలేదు. వసారా గుంజలు రెండింటికీ, గోడకీ కలిపి నాలుగు మేకులు కొట్టి తెర కట్టాను. ఒక మేకు వదులుగా ఉంది. ఈసారి వెళ్లినప్పుడు చూడాలి.